లైజ్1 పెరిగిందా, విల్లై తగ్గాయా? క్రిప్టుల ఆర్‌ఎన్‌ఏ మీద గైడ్‌తో పేచీ

క్రిప్ట్_కష్టాలు
పీహెచ్‌డీ చేస్తున్నా. ఎలుకలకి ఒక మొక్క నుంచి తీసిన ఫ్రాక్షన్ (సారంలో ఒక భాగం) రెండు వారాలు నోటి ద్వారా ఇచ్చి, ఇలియం (చిన్నపేగు చివరి భాగం) నుంచి క్రిప్టులు (పేగు లోపలి పొరలో ఉండే చిన్న గుంటలు) విడదీసి క్యూపీసీఆర్ (ఏ జీన్ ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే పరీక్ష) చేశాం. మందు ఇచ్చిన గుంపులో లైజ్1 (లైసోజైమ్ జీన్) 2.6 రెట్లు, డిఫెన్సిన్ 2.4 రెట్లు పెరిగాయి. మా గైడ్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "పానెత్ కణాల్లో యాంటీమైక్రోబియల్ జీన్లు మేల్కొన్నాయి" అని అబ్‌స్ట్రాక్ట్ కూడా రాసేశారు. పానెత్ అంటే క్రిప్టు అడుగున ఉండి బ్యాక్టీరియాని చంపే ప్రోటీన్లు చేసే కణాలు.

నాకే మింగుడు పడట్లేదు. ల్యాబ్‌లో పని పంచినప్పుడు కంట్రోల్ ఎలుకల క్రిప్టులు సీనియర్‌కి, మందు ఇచ్చిన ఎలుకలవి నాకు వచ్చాయి. సీనియర్ ట్యూబుల్ని మైక్రోస్కోప్ కింద పెడితే విల్లై (పేగు లోపలికి వేళ్లలా పొడుచుకొచ్చే భాగాలు) ముక్కలు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. నా ట్యూబుల్లో దాదాపు లేవు. ఆ మాట గైడ్‌తో అంటే "మంచి డేటా వచ్చినప్పుడు దానికి వంకలు పెట్టకు" అన్నారు. త్వరలో డీసీ (డాక్టోరల్ కమిటీ) మీటింగ్. నేనే అతిగా ఆలోచిస్తున్నానా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

మిరపకాయబజ్జీ
రిజల్ట్ రాకపోతే టెన్షన్, వస్తే ఇంకా టెన్షన్. పీహెచ్‌డీ అంటే ఇదే తల్లీ.

పేగుబంధం
అతి ఏమీ కాదు. ఒకసారి లెక్క వేసి చూడు.

ఎలుక చిన్నపేగులో ఒక్కో క్రిప్ట్‌లో సుమారు 250 కణాలు. ఒక్కో విల్లస్‌లో 3,500 దాకా. అంటే కణాల లెక్కన ఒక విల్లస్ 14 క్రిప్టులకి సమానం. నీ సీనియర్ ట్యూబులో 100 క్రిప్టులు ఉంటే 25,000 కణాలు. వాటితో పాటు 7 విల్లై జారిపడ్డాయనుకో, అవే 24,500. కంటికి 100లో 7 అంటే "బాగానే క్లీన్‌గా ఉంది" అనిపిస్తుంది. కానీ ట్యూబులో కణాలు సగానికి సగం విల్లస్‌వే. లైజ్1 సీటీ (క్యూపీసీఆర్‌లో సిగ్నల్ కనపడే సైకిల్ నంబరు) ఒక సైకిల్ పెరిగిపోతుంది, సగానికి పడిపోయినట్టు కనపడుతుంది. పక్కన నీ క్లీన్ ట్యూబు పెడితే "రెండు రెట్లు పెరిగింది" అంటారు. ఎలుకకి ఏమీ జరగలేదు. జరిగిందల్లా ట్యూబులోనే.

ఈ లెక్క కాగితం మీద రాసి గైడ్ ముందు పెట్టు. వాదించకు, లెక్క మాత్రం పెట్టు.

ఫండింగ్_ఫకీరు
ఒక గైడ్‌గా చెప్తున్నా, ఊరికే గైడ్ మీద పడకండి. ఆయన గ్యాప్‌డీహెచ్ (అన్ని కణాల్లోనూ ఉండే జీన్)తో నార్మలైజ్ చేయించే ఉంటారు. ఆర్‌ఎన్‌ఏ ఎంత పెట్టారన్న తేడా దాంతో పోతుంది కదా. అనుమానం పేరుతో ప్రతి రిజల్ట్‌నీ చింపుకుంటూ పోతే థీసిస్ ఎప్పుడు రాస్తారు?

పేగుబంధం
ఫకీరు గారూ, మీరన్నది ఎంత ఆర్‌ఎన్‌ఏ పెట్టాం అన్న తేడా. ఇక్కడి గొడవ ఎవరి ఆర్‌ఎన్‌ఏ అన్నది. గ్యాప్‌డీహెచ్ క్రిప్ట్ కణంలోనూ ఉంటుంది, విల్లస్ కణంలోనూ ఉంటుంది. ట్యూబులో ఎవరి వాటా ఎంతో అది చెప్పదు. విల్లిన్ (పేగు లోపలి పొర కణాల జీన్) పెట్టినా అంతే, రక్తకణాలూ కండరమూ ఎంత కలిశాయో తెలుస్తుంది తప్ప క్రిప్టుకీ విల్లస్‌కీ తేడా తెలియదు.

బైపీసీ_బాధితుడు
అక్కా, చిన్న డౌట్. ఇంటర్‌లో లీబర్‌కూన్ గుహికలు, బ్రన్నర్ గ్రంథులు అని బట్టీ పట్టి ఎంసెట్‌లో ఒక్క మార్కు తెచ్చుకుని వదిలేశా. గుహిక అడుగున ఉన్న కణంలోనూ విల్లస్ కొసన ఉన్న కణంలోనూ డీఎన్‌ఏ ఒకటే కదా? మరి ఒకటి లైసోజైమ్ చేస్తే ఇంకోటి ఎందుకు చేయదు?

పేగుబంధం
మంచి ప్రశ్న, పైనున్న గొడవకి మూలం కూడా అదే.

గుహిక అంటే క్రిప్టే. దాని అడుగున మూలకణాలుంటాయి, ఎలుకలో ఒక్కో దాంట్లో 15 దాకా. వాటి మధ్య మధ్యలో పానెత్ కణాలు. చుట్టూ ఉన్న కణజాలం నుంచీ, పానెత్ కణాల నుంచీ వింట్ సంకేతం అందుతుంది. అడుగున అది గాఢం, పైకి పోయే కొద్దీ పలచబడుతుంది. వింట్ గట్టిగా ఉన్నచోట ఎల్‌జీఆర్5, ఏఎస్‌సీఎల్2 లాంటి జీన్లు పనిచేస్తాయి. పైకి జరిగే కొద్దీ వింట్ తగ్గి బీఎమ్‌పీ అనే ఇంకో సంకేతం పెరుగుతుంది, ఆ జీన్లు ఆగి జీర్ణక్రియ జీన్లు మొదలవుతాయి.

మూలకణం నుంచి పుట్టిన పిల్లకణం ఏ దారి పట్టాలో తేల్చేది నాచ్ అనే సంకేతం. నాచ్ అందితే లోపల హెస్1 అనే జీన్ పెరిగి ఎటో1 అనే జీన్‌ని నొక్కేస్తుంది, ఆ కణం ఆహారం పీల్చే ఎంటెరోసైట్ అవుతుంది. నాచ్ అందకపోతే ఎటో1 పెరిగి స్రావకణం అవుతుంది: జిగురు చేసే గాబ్లెట్, పానెత్, హార్మోన్లు చేసే ఎంటెరోఎండోక్రైన్. ఎలుక పేగు లోపలి పొర దాదాపు మొత్తం 3 నుంచి 5 రోజుల్లో మారిపోతుంది కాబట్టి ఈ నిర్ణయాలు రోజూ జరుగుతూనే ఉంటాయి.

ఇక్కడే తమాషా చూడు. అల్జీమర్స్ కోసం గామా సెక్రెటేజ్ అనే ఎంజైమ్‌ని ఆపే నిరోధకాలు తయారుచేశారు. అవి నాచ్‌ని కూడా ఆపేస్తాయి. జంతువులకి ఇస్తే పేగు నిండా గాబ్లెట్ కణాలే. ఆ పేగు ముక్క రుబ్బి ఆర్‌ఎన్‌ఏ తీస్తే మ్యూసిన్2 (గాబ్లెట్ జిగురు జీన్) ఎక్కడికో వెళ్లిపోతుంది. "మందు మ్యూసిన్2 జీన్‌ని పెంచింది" అని రాయొచ్చా? ఒక్కో గాబ్లెట్ కణం మామూలుగా చేసేంతే చేస్తూ ఉండొచ్చు. పెరిగింది కణాల సంఖ్య.

బైపీసీ_బాధితుడు
ఇది మా సార్ ఇలా చెప్పుంటే నేను సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేవాణ్ణి కాదు.

మిరపకాయబజ్జీ
ఇలా చెప్పినా వచ్చేవాడివే తమ్ముడూ.

స్లైడ్_సుబ్బయ్య
రిటైరైన పాథాలజిస్టుని. మనుషుల బయాప్సీల్లో ఇది మాకు పాత కథ. సీలియాక్ (గోధుమ పడని జబ్బు) రోగి డుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) ముక్క చూడండి. విల్లై చదునైపోతాయి, క్రిప్టులు పొడుగు సాగుతాయి. మార్ష్ 3 అని రిపోర్టు రాస్తాం. ఆ ముక్క నుంచి ఆర్‌ఎన్‌ఏ తీస్తే విభజన జీన్లు పెరిగి, లాక్టేజ్ లాంటి విల్లస్ జీన్లు పడిపోతాయి. అందులో కొంత నిజంగా క్రిప్ట్ కణాలు ఎక్కువ విభజన చెందడం వల్ల. కొంత మాత్రం అక్కడ విల్లై లేకపోవడం వల్లే. స్లైడ్ చూడకుండా పట్టిక మాత్రం చూసేవాడికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

పిల్లలూ, మైక్రోస్కోప్ పాతబడ్డ వస్తువు కాదు. ఆ అమ్మాయికి అనుమానం వచ్చింది కూడా మైక్రోస్కోప్‌లో చూసే కదా. అది సరైన అలవాటు.

ఆర్_తో_ఆరాటం
క్రిప్ట్_కష్టాలు గారూ, వేరే జీన్లు ఏమైనా చేశారా? లైజ్1, డిఫెన్సిన్ రెండూ పానెత్‌వే. వాటితోనే ఏదీ తేలదు. మూలకణాలవి, విభజన చెందే కణాలవి, విల్లస్‌వి ఒక్కోటైనా ఉంటే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

పానెత్ మాత్రమే పెరిగి మిగతా క్రిప్ట్ జీన్లు కదలకపోతే గైడ్ గారి మాటలో పస ఉన్నట్టే. క్రిప్ట్ జీన్లన్నీ ఒకే నిష్పత్తిలో పెరిగి విల్లస్‌వి పడిపోతే అది ట్యూబు శుభ్రత.

తులసికోట
మధ్యలో అడుగుతున్నానని ఏమనుకోకండి. ఏకాదశి ఉపవాసం ఉంటే పేగులో మూలకణాలు కొత్తగా పుడతాయని వాట్సాప్‌లో వచ్చింది. మీరంతా అదే పేగు గురించి మాట్లాడుతున్నారు కదా, నిజమేనా?

పేగుబంధం
అమ్మా, ఆ వార్త వెనక నిజమైన పనే ఉంది, కానీ అది ఎలుకల్లో. 2012లో తిండి తగ్గించిన ఎలుకల మీద ఒక పేపర్ వచ్చింది. తిండి తగ్గిందని ముందు పసిగట్టేది మూలకణం కాదు, దాని పక్కనున్న పానెత్ కణం. దాంట్లో ఎమ్‌టార్ (తిండిని పసిగట్టే ప్రోటీన్) నెమ్మదించి బీఎస్‌టీ1 అనే జీన్ పెరుగుతుంది, ఆ ఎంజైమ్ తయారుచేసే పదార్థం పక్కనున్న మూలకణాలకి సంకేతం. 2018లో ఇంకో గుంపు 24 గంటలు ఉపవాసం పెట్టిన ఎలుకల్లో మూలకణాలు కొవ్వుని కాల్చడం మొదలుపెడతాయనీ, బయట పెంచితే ఆర్గనాయిడ్లు (చిట్టి పేగు ముద్దలు) బాగా కడతాయనీ చూపించింది.

ఎలుకకి 24 గంటలంటే చాలా పెద్ద ఉపవాసం, ఒక్క రోజులోనే బాగా బరువు తగ్గిపోతుంది. మీ ఏకాదశికీ దానికీ లంకె పెట్టకండి. భక్తితో ఉండండి, మూలకణాల కోసం అక్కర్లేదు.

మిరపకాయబజ్జీ
ఉపవాసం రోజు మా ఇంట్లో సగ్గుబియ్యం ఉప్మా, అరటిపళ్లు, పాలకోవా. పానెత్ కణం అసలు పసిగట్టదు.

మోడరేటర్
ఉపవాసం చర్చ ఆరోగ్యం విభాగంలో వేరేగా నడుస్తోంది. ఇక్కడ జీన్ల గొడవ పూర్తి కానివ్వండి. బజ్జీ గారూ, మీరు కూడా.

క్రిప్ట్_కష్టాలు
ఆరాటం గారూ, చేశాను. గైడ్ చూడని వరసలు ఇవి, "అవి మన కథకి అక్కర్లేదు" అన్నారు.

ఓల్ఫ్ఎమ్4 (మూలకణాలది): 2.3
ఎమ్‌కేఐ67 (విభజనది): 2.1
లైజ్1: 2.6
డిఫెన్సిన్: 2.4
ఆల్పీ (విల్లస్‌ది): 0.3
ఏపీఓఏ4: 0.2
రెగ్3జీ: 6

అన్నీ కంట్రోల్‌ని 1 అనుకుని.

ఆర్_తో_ఆరాటం
అయిపోయింది. మూలకణాల జీన్, విభజన జీన్, పానెత్ జీన్లు అన్నీ కట్టగట్టుకుని రెండుంపావు దగ్గర పెరిగాయి. ఏపీఓఏ4 విల్లస్ పైభాగంలో ఉండే జీన్, అది అందరికన్నా ఎక్కువ పడింది. ఇది శుభ్రత తేడా. 2.6ని 2.3తో భాగిస్తే 1.1. ఆ 1.1 మీద అబ్‌స్ట్రాక్ట్ నిలబడదు.

ఫండింగ్_ఫకీరు
సరే, ఈ పట్టిక ముందే పెట్టుంటే నేనూ అదే అనేవాణ్ణి. ఇలా చేయండి: లైజ్1ని గ్యాప్‌డీహెచ్‌తో కాకుండా ఓల్ఫ్ఎమ్4తో భాగించి రిపోర్టు చేయండి. క్రిప్టుకి క్రిప్టే కొలత.

పేగుబంధం
ఒక్క ఓల్ఫ్ఎమ్4తో వద్దు. అది నాచ్ చెప్పినట్టు నడిచే జీన్, వాపు వచ్చినా మారుతుంది. మందు నాచ్‌ని కొంచెం కదిలించినా కొలబద్దే కదిలిపోతుంది. నాలుగైదు క్రిప్ట్ జీన్లు తీసుకుని సగటు వాడండి. అన్నిటికన్నా మంచిది శుభ్రమైన క్రిప్టులు మళ్లీ తీయడం. ఈసారి రెండు గుంపులూ ఒకే మనిషి, ఒకే రోజు, ట్యూబు మీద ఏ గుంపో తెలియకుండా నంబరు మాత్రం వేసి.

క్రిప్ట్_కష్టాలు
మళ్లీ తీయడానికి పర్మిషన్ అడుగుతా. అక్కా, మీరు విల్లై ఎలా వదిలిస్తారు? మా ప్రోటోకాల్ తరతరాల జిరాక్స్. సగం అక్షరాలే కనపడవు.

పేగుబంధం
నేను చేసేది చెప్తా, మీ పేగుకి తగ్గట్టు సమయాలు మార్చుకో.

పేగు తీసిన వెంటనే చల్లటి పీబీఎస్ (ఉప్పు ద్రావణం)తో లోపలంతా కడుగు. లోపలి ద్రవంలో క్లోమం నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏజ్ (ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైమ్) ఉంటుంది, పైగా ఎలుక పానెత్ కణాలు ఏఎన్‌జీ4 అనే ప్రోటీన్ చేస్తాయి, అదీ ఆర్‌ఎన్‌ఏజ్ కుటుంబమే. ఆలస్యం చేస్తే ఆర్‌ఎన్‌ఏ నీ చేతుల్లోనే పోతుంది. నిలువునా కోసి తెరువు. గాజు కవర్‌స్లిప్ అంచుతో లోపలి వైపు మెల్లగా గీకు. తెల్లటి జిగురు వస్తుంది, అదే విల్లై, పారేయ్. గట్టిగా గీకితే క్రిప్టులు కూడా పోతాయి, చేయి అలవాటు పడాలి. చిన్న ముక్కలు చేసి పీబీఎస్‌లో పైపెట్‌తో ఎగదోస్తూ నీళ్లు తేటపడే దాకా మారుస్తూ కడుగు. తర్వాత 2 మిల్లీమోలార్ ఈడీటీఏలో ఐసు మీద అరగంట. ఈడీటీఏ క్యాల్షియం లాగేసుకుంటే కణాల పట్టు వదులవుతుంది. ఆ ఈడీటీఏ తీసేసి చల్లటి పీబీఎస్ పోసి కుదుపు.

మొదటి కుదుపులో వచ్చేది చాలావరకు విల్లై. ఒక్కో విడత నుంచీ ఒక చుక్క స్లైడ్ మీద వేసి చూడాలి. విల్లై సేమ్యా ముక్కల్లా పొడుగ్గా తేలుతుంటాయి, క్రిప్టులు పొట్టిగా, ఒక కొస గుండ్రంగా మూసుకుని, ఆ కొసలో పానెత్ రేణువులు నల్లటి చుక్కల్లా మెరుస్తూ ఉంటాయి. క్రిప్టులు ఎక్కువగా కనిపించే విడతలు మాత్రమే ఉంచుకో. 70 మైక్రాన్ల జల్లెడలో వడకట్టు, క్రిప్టులు కిందకి దిగుతాయి, విల్లై పైన నిలుస్తాయి. వడకట్టాక కూడా ఒక చుక్క చూడు. ఫోటో తీసి పెట్టుకో. గైడ్‌కి, డీసీకి, రేపు రివ్యూయర్‌కి ఆ ఫోటో వందమాటల పెట్టు.

వెట్_వెంకన్న
పశువైద్యుణ్ణి. అందరూ ఎలుకే లోకం అన్నట్టు మాట్లాడుతున్నారు. కుక్కకీ పిల్లికీ పానెత్ కణాలే ఉండవు. గుర్రానికి బోలెడు. డుయోడినమ్ కింది పొరలో ఉండే బ్రన్నర్ గ్రంథులు కుక్కలో కాస్త మొదట్లోనే ఆగిపోతాయి, పందిలోనూ గుర్రంలోనూ జెజునమ్ (చిన్నపేగు మధ్య భాగం) దాకా పోతాయి. లైజ్1 మార్కర్ అని జంతువు మార్చి పెట్టేసుకోకండి.

ఆర్_తో_ఆరాటం
వెంకన్న గారి మాటకి ఒక తోక. ఎలుకల్లో కూడా జాతి చూసుకోవాలి. పీఎల్‌ఏ2జీ2ఏ అనే పానెత్ జీన్ సీ57బీఎల్/6 ఎలుకల్లో పుట్టుకతోనే చెడిపోయి ఉంటుంది. వేరే జాతి మీద రాసిన పేపర్ చూసి ప్రైమర్లు ఆర్డర్ చేసి, ఏమీ రావట్లేదని పీసీఆర్ మెషీన్‌ని తిట్టేవాళ్లని చూశాను.

స్లైడ్_సుబ్బయ్య
వెంకన్న గారూ, బ్రన్నర్ సంగతి బాగా ఎత్తారు. మనిషి డుయోడినమ్ బయాప్సీలో బ్రన్నర్ గ్రంథి ముక్క పడితే ఎమ్‌యూసీ6, టీఎఫ్‌ఎఫ్2 వస్తాయి. తెలియనివాళ్లు "పేగులో జీర్ణాశయం జీన్లు ఎందుకొచ్చాయి" అని కంగారు పడతారు. అమ్మాయి ఇలియం తీసింది కాబట్టి ఆ బెడద లేదు.

ఇంకో తేడా కూడా. డిఫెన్సిన్ పచ్చిగా పుడుతుంది, కత్తిరిస్తే గానీ పనిచేయదు. ఎలుకలో ఆ కత్తెర ఎమ్‌ఎమ్‌పీ7. మనిషిలో పానెత్ కణమే తయారుచేసే ట్రిప్సిన్. జీన్ పెరిగిందని చెప్పినంత మాత్రాన పనిచేసే డిఫెన్సిన్ పెరిగిందని కాదు.

క్రిప్ట్_కష్టాలు
ఇది నా చాప్టర్ డిస్కషన్‌లో పెడతాను సర్. థాంక్స్.

పానెత్_పక్షపాతి
కొత్తగా చేరాను. ఒక మాట. పానెత్ కణం ఎలుకలో దాదాపు రెండు నెలలు బతుకుతుంది. మిగతా కణాలు రోజుల్లో రాలిపోయినా అది అడుగున కూర్చునే ఉంటుంది. రెండు వారాల మందుతో వాటి సంఖ్య రెట్టింపు అయ్యే ప్రసక్తే లేదు. పట్టిక చూడకపోయినా ఈ ఒక్క కారణంతోనే నేను గైడ్ మాట ఒప్పుకోను.

వెట్_వెంకన్న
ప్రసక్తే లేదనకండి. ఎలుకకి ట్రైకినెల్లా పురుగు పట్టిస్తే కొద్ది రోజుల్లోనే పానెత్ కణాలు పెరుగుతాయి. పాతవి నెలల తరబడి బతకడం వేరు, కొత్తవి ఎంత వేగంగా పుడతాయన్నది వేరు.

పానెత్_పక్షపాతి
అది గట్టి ఇన్‌ఫెక్షన్ కదా. మొక్క కషాయం అంత పని చేస్తుందా?

వెట్_వెంకన్న
చేస్తుందని నేననలేదు. అసాధ్యం అన్నారు కాబట్టి చెప్పాను. లైసోజైమ్ రంగు వేసిన సెక్షన్లలో ఒక్కో క్రిప్టుకి ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే పోయేదానికి ఆయుర్దాయం లెక్కలెందుకు?

స్లైడ్_సుబ్బయ్య
అదీ మాట. లెక్కపెట్టేటప్పుడు అడుగు నుంచి పై దాకా నిలువుగా తెగిన క్రిప్టులు మాత్రమే లెక్కపెట్టు తల్లీ. అడ్డంగా తెగినవాటిలో పానెత్ కణం తప్పిపోతుంది. లెక్కపెట్టేవాళ్లకి ఏ స్లైడ్ ఏ గుంపుదో తెలియకూడదు.

పోస్ట్‌డాక్_పరమేశం
ఇదంతా ఎందుకు, సింగిల్ సెల్ చేయించేయండి. ఒక్కో కణం విడివిడిగా వచ్చాక వాటాల గొడవే ఉండదు.

ఫండింగ్_ఫకీరు
డబ్బు మీరిస్తారా పరమేశం?

ఆర్_తో_ఆరాటం
డబ్బున్నా గొడవ పోదు పరమేశం గారూ. 2017లో ఎలుక చిన్నపేగు మీద 53,193 కణాలతో పెద్ద సింగిల్ సెల్ సర్వే వచ్చింది, మంచి పని, నేనూ దాన్నే రెఫరెన్స్‌గా వాడతాను. కానీ పేగు డేటా శుభ్రం చేసి చూడండి, మీకే తెలుస్తుంది. కణాలు విడదీసేటప్పుడు కొన్ని పానెత్ కణాలు పగులుతాయి. వాటిలో లైజ్1, డిఫెన్సిన్ ఆర్‌ఎన్‌ఏ విపరీతం. అది ద్రవంలో కలిసి, ఒక్కో కణాన్ని పట్టే ప్రతి బిందువులోకీ చేరుతుంది. చివరికి మూలకణంలో లైజ్1, గాబ్లెట్‌లో లైజ్1, ఆఖరికి టీ కణంలో కూడా లైజ్1. ఖాళీ బిందువుల్లో ఏముందో చూసి దాన్ని తీసేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, సూప్‌ఎక్స్, సెల్‌బెండర్ లాంటివి. వాటిని నడపకుండా "లైసోజైమ్ చేసే కొత్తరకం మూలకణం కనుక్కున్నాం" అని ఎవరైనా అంటే నేను పేజీ తిప్పేస్తాను.

ఇంకోటి, విడదీసే హడావుడిలోనే కణాలు బెదిరి ఫాస్, జున్, ఈజీఆర్1 అనే ఒత్తిడి జీన్లు పెంచేసుకుంటాయి. అవి మందు ప్రభావం అనుకోకూడదు.

పోస్ట్‌డాక్_పరమేశం
సరే, మధ్యేమార్గం. సీడీ24 (కణం పైనుండే ప్రోటీన్) ఎక్కువగా ఉండి, సైడ్ స్కాటర్ (లోపల రేణువులున్నాయని చెప్పే కాంతి కొలత) ఎక్కువగా ఉన్న కణాలు పానెత్. వాటిని ఎఫ్‌ఏసీఎస్ (కణాలని ఏరే యంత్రం)లో వేరుచేసి, రెండు గుంపుల్లోనూ ఒకే సంఖ్యలో తీసుకుని లైజ్1 చూస్తే ఒక్కో కణంలో నిజంగా పెరిగిందో లేదో తేలుతుంది.

ఆర్_తో_ఆరాటం
ఇది ఒప్పుకుంటా.

గ్యాస్_ట్రబుల్
నేను మామూలు మనిషిని. మల పరీక్షతో "గట్ జీన్ రిపోర్టు" ఇస్తామని ఒక కంపెనీ వేలకు వేలు అడుగుతోంది. మీరు చెప్పే ఈ జీన్లు అందులో తెలుస్తాయా?

స్లైడ్_సుబ్బయ్య
బాబూ, మలంలోకి రాలేవి పేగు పైపొరలో అరిగిపోయిన కణాలు, అవీ దారిలోనే చాలావరకు చితికిపోతాయి. క్రిప్ట్ అడుగున ఏ జీన్ పనిచేస్తుందో దాంట్లో తెలియదు. అలాంటి రిపోర్టుల్లో ఎక్కువగా ఉండేది బ్యాక్టీరియా పేర్లే. రక్తం పడుతోందా, బరువు తగ్గుతున్నారా, రాత్రిళ్లు విరేచనాలు అవుతున్నాయా? వీటిలో ఏదున్నా గ్యాస్ట్రో డాక్టర్ని కలవండి. వాపు ఉందో లేదో చూడటానికి కాల్‌ప్రొటెక్టిన్ అనే మల పరీక్ష ఆయనే రాస్తారు, అది తెల్లరక్తకణాల నుంచి వచ్చే ప్రోటీన్.

గ్యాస్_ట్రబుల్
అవేవీ లేవు సార్. రాత్రి పులిహోర తింటే గ్యాస్, అంతే.

మిరపకాయబజ్జీ
అయితే జీన్ తప్పు కాదు, చింతపండు తప్పు.

క్రోన్స్_కుటుంబం
సుబ్బయ్య గారూ, మా తమ్ముడికి క్రోన్స్ (పేగు వాపు జబ్బు). నాడ్2 జీన్ పానెత్ కణాల్లో పనిచేస్తుందనీ, దాని లోపం వల్ల జబ్బు వస్తుందనీ చదివాను. మేం టెస్ట్ చేయించుకోవాలా?

స్లైడ్_సుబ్బయ్య
2001లో యూరప్ మూలాలున్న రోగుల్లో నాడ్2 మార్పులకీ క్రోన్స్‌కీ లంకె దొరికింది, అది పెద్ద సంగతే. తర్వాత ఏటీజీ16ఎల్1 అనే ఇంకో జీన్‌లో మార్పున్న వాళ్లలో పానెత్ రేణువులు అస్తవ్యస్తంగా ఉంటాయని కూడా చూశారు. అయితే నాడ్2లో ఆ పేరుపడ్డ మూడు మార్పులు మన దేశపు రోగుల్లో చాలా అరుదు. ఆ టెస్ట్ నెగెటివ్ వచ్చిందని ధైర్యపడటానికీ లేదు, చికిత్సా మారదు. ఆ డబ్బు తమ్ముడి ఫాలోఅప్‌కి పెట్టండి. మిగతాది ఆయన డాక్టరుతో మాట్లాడండి.

పేగుబంధం
మళ్లీ పట్టికకి వస్తున్నా. అందరూ లైజ్1 మీద పడి ఆఖరి వరస వదిలేశారు. రెగ్3జీ 6 రెట్లు!

రెగ్3జీ ఎక్కువగా ఎంటెరోసైట్లలో, అందులోనూ విల్లస్ అడుగు భాగంలో ఉండే జీన్. క్రిప్టులు శుభ్రంగా తీసి విల్లై పోయాక అది తగ్గాలి, కనీసం పెరగకూడదు. ఆల్పీ పడిపోయిన అదే ట్యూబులో ఇది ఆరు రెట్లు ఎక్కింది. శుభ్రతతో దీన్ని వివరించలేం. మీ గైడ్‌కి కథ కావాలంటే కథ ఇక్కడుంది, లైజ్1లో కాదు.

ఫండింగ్_ఫకీరు
అబ్బ. ఇది నేనూ చూసుకోలేదు. ఈ వరస గైడ్‌కి చూపించమ్మా, ముందు ఇది చూపించి తర్వాత లైజ్1 సంగతి చెప్పు. వరస మారిస్తే ఆయన వినే తీరు మారుతుంది.

ఆర్_తో_ఆరాటం
సంబరం ఆపండి. రెగ్3జీ బ్యాక్టీరియాని బట్టి ఆడే జీన్. సూక్ష్మజీవులు లేని ఎలుకల్లో చాలా తక్కువ. ఎస్‌ఎఫ్‌బీ అనే బ్యాక్టీరియా ఇలియం గోడకి అతుక్కుంటే ఐఎల్-22 అనే రోగనిరోధక సంకేతం పెరిగి రెగ్3జీ ఎగిరిపడుతుంది. ఎలుకలు ఒకదాని పెంటికలు ఒకటి తింటాయి, కాబట్టి ఒక పంజరంలో ఉన్నవన్నీ ఒకే బ్యాక్టీరియా పంచుకుంటాయి. మందు ఎలుకలు ఒక పంజరం, కంట్రోల్ ఎలుకలు వేరే పంజరమా?

క్రిప్ట్_కష్టాలు
అవును. యానిమల్ హౌస్‌లో అలాగే పెడతారు.

ఆర్_తో_ఆరాటం
అయితే ఆ 6 రెట్లు మందుదో, పంజరానిదో చెప్పలేం. దాచిన పెంటికలుంటే ఎస్‌ఎఫ్‌బీకి పీసీఆర్ చేయండి. తర్వాతి విడతలో మందు మొదలుపెట్టే ముందు కొన్నాళ్లు పంజరాల మధ్య పరుపు పొట్టు అటూ ఇటూ కలపండి, లేదా ఒకే పంజరంలో రెండు గుంపుల ఎలుకలూ ఉంచండి. అన్నిటినీ రోజులో ఒకే వేళకి కోయండి. తిండి వేళని బట్టి కూడా ఈ జీన్ ఊగుతుంది.

పేగుబంధం
ఇంకో అనుమానం. మొక్క ఫ్రాక్షన్ అన్నావు. వేడిచేశారా, వడకట్టారా? మొక్కల మీద బ్యాక్టీరియా ఉంటుంది. ఫ్లాజెల్లిన్ (బ్యాక్టీరియా తోక ప్రోటీన్) కొంచెం ఉన్నా టీఎల్‌ఆర్5 అనే గ్రాహకం ద్వారా ఐఎల్-22, దాని వెనకే రెగ్3జీ. మీ మొక్క పనిచేసిందో, మొక్క మీదున్న బ్యాక్టీరియా పనిచేసిందో తేల్చాలి.

క్రిప్ట్_కష్టాలు
ఫ్రాక్షన్ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇస్తారు. స్టెరైల్ అని ఎక్కడా రాసిలేదు. ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా గోడ విషం) టెస్ట్ ఎవరూ చేయలేదు.

ఫండింగ్_ఫకీరు
దానికి వాడే ఎల్‌ఏఎల్ కిట్ కొనకు, ఖరీదు. మీ క్యాంపస్‌లో ఫార్మసీ కాలేజీ ఉంటే ఇంజెక్షన్ల పనికి వాళ్ల దగ్గర ఉంటుంది, వాళ్ల ప్లేటులో ఒక వెల్ (గుంట) అడుక్కో. గ్రాంట్ రాని రోజుల్లో నేను చేసిన పనే.

పోస్ట్‌డాక్_పరమేశం
ఎల్‌ఏఎల్ పట్టేది ఎల్‌పీఎస్‌ని, అంటే ఎండోటాక్సిన్‌ని, దానికి ఫ్లాజెల్లిన్ దొరకదు. ఒకసారి 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టిన ఫ్రాక్షన్, వడకట్టనిది పక్కపక్కన పెట్టి చూడండి. దాంతో బతికున్న బ్యాక్టీరియా పోతుంది, విరిగిన ముక్కలు మాత్రం దిగిపోతాయి, అది గుర్తుంచుకోండి.

క్రిప్ట్_కష్టాలు
పొద్దున గైడ్‌తో మాట్లాడా. ఫకీరు గారు చెప్పినట్టు ముందు రెగ్3జీ చూపించా, తర్వాత 14 క్రిప్టుల లెక్క. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సీనియర్ ట్యూబుల ఫోటోలు ఉన్నాయా" అన్నారు. ఉన్నాయి, చూపించా. అబ్‌స్ట్రాక్ట్ ఆపారు. కొత్త విడత ఎలుకలకి ఎథిక్స్ కమిటీ కాగితం పెట్టమన్నారు. డీసీకి రెగ్3జీ ఒక్కటే ప్రాథమిక ఫలితం అని చూపిద్దాం అన్నారు.

సీనియర్ మాట్లాడట్లేదు, అది వేరే సంగతి.

మిరపకాయబజ్జీ
క్యాంటీన్‌లో ఒక ప్లేటు నన్ను పెట్టు, మాట్లాడతాడు.

పేగుబంధం
డీసీకి ముందు ఒక పని. రెగ్3జీ ప్రైమర్లు రెగ్3బీని కూడా పట్టుకుంటున్నాయేమో చూసుకో, రెండూ వరసలో బాగా దగ్గర. బ్లాస్ట్ చేసి (వరసని డేటాబేస్‌తో పోల్చి), మెల్ట్ కర్వ్‌లో ఒకే శిఖరం, అంటే ఒకే రకం ముక్క, ఉందా చూడు, వీలైతే ఆ ముక్కని సీక్వెన్స్ చేయించు.

క్రిప్ట్_కష్టాలు
ఒకే శిఖరం ఉంది అక్కా. సీక్వెన్సింగ్‌కి సోమవారం పంపుతా.